పక్షవాతం అనే పేరు చూసి పప్పు మానకండి



పక్షవాతం వచ్చి కోలుకుంటున్న పెద్దల కుటుంబాల కొరకు ఈ వ్యాసం రాస్తున్నాను. మందుల గురించి డాక్టరు గారు చెబుతారు. వ్యాయామాల గురించి ఫిజియోథెరపిస్టు చెబుతారు. ఈ రెండింటికీ మధ్య పడిపోయే విషయం ఒకటుంది. అదే రోగి కంచం. దాని గురించి చెప్పవలసిన బాధ్యత మా నర్సులది.

కొన్నేళ్ళ క్రితం రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మన దగ్గర చేరారు. వయసు 68. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మూడు వారాలలో వాకరు పట్టుకుని వార్డు చివరి వరకు నడిచారు. డిశ్చార్జి రోజున ఆయన బరువు 58 కేజీలు. వాకరుతో నడుచుకుంటూనే లిఫ్టు వరకు వెళ్ళారు. మేమంతా సంతోషించాము.

ఆరు వారాల తరువాత ఓ.పి.కి వచ్చినప్పుడు కొడుకు ఆయనను వీల్ చెయిర్‌లో తోసుకుని వచ్చాడు. బరువు 52 కేజీలు. కుర్చీలో నుంచి లేవలేకపోయారు. మళ్ళీ స్ట్రోక్ వచ్చిందేమోనని డాక్టరు గారు స్కాన్ తీయించారు. కొత్తగా ఏమీ లేదు. వ్యాయామాలు మానేశారా అని అడిగితే, "లేదు మేడమ్, రోజూ రెండు పూటలా చేయిస్తున్నాం" అన్నాడు కొడుకు.

అప్పుడు ఆయన భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, నిన్న తెల్లవారింది మొదలు పడుకునే వరకు ఆయన ఏమేమి తిన్నారో చెప్పమన్నాను. పొద్దున టీ, రెండు రస్కులు. పది గంటలకు ఒక ఇడ్లీ. మధ్యాహ్నం మెత్తని అన్నంలో చారు. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు. మధ్యలో కొబ్బరి నీళ్ళు. రాత్రికి రాగి జావ, మజ్జిగ. అంతే.

"పప్పు, గుడ్డు పెట్టడం లేదా అమ్మా?" అన్నాను.

"వాతం జబ్బు గదా సిస్టరమ్మా! పప్పు వాతం జేస్తదని అందరూ చెప్పిన్రు. గుడ్డు వేడి జేస్తదని అది గూడ బంద్ జేసిన. పత్యం గట్టిగ జేయిస్తున్న" అన్నది ఆ తల్లి.

ఆమె ప్రేమలో లోపం ఏమీ లేదు. తనకు ఇష్టమైనవి కూడా మానుకుని, ఆయనతోపాటు తానూ పత్యం చేస్తున్నది. లోపం మాది. మేము ఇచ్చిన డిశ్చార్జి కార్డు తీసి చూశాను. మాత్రల పేర్లు ఉన్నాయి, మళ్ళీ రావలసిన తేదీ ఉంది, "ఉప్పు, నూనె తగ్గించండి" అని ఉంది. ఏమి తినాలో ఒక్క మాట లేదు. ఏమి మానాలో మేము రాశాము. మిగతావి ఇరుగుపొరుగు వారు చెప్పారు.

పేరు తెచ్చిన చిక్కు

మన భాషలో ఈ జబ్బుకు పక్షవాతం అని పేరు. పక్షం అంటే ఒక పక్క. వాతం అనేది ఆయుర్వేదంలో చెప్పే ఒక దోషం పేరు. అయితే మన ఇళ్ళలో వాతం అనే మాటను కడుపు ఉబ్బరానికీ, కీళ్ళ నొప్పులకూ కూడా వాడతాము. అందుచేత కందిపప్పు, శనగలు, చిక్కుడు వంటి "వాతం చేసే" పదార్థాలు తింటే పక్షవాతం ముదురుతుందని భయపడతారు.

నిజానికి ఈ జబ్బు కడుపులో పుట్టదు. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం పూడుకుపోవడం వలన గాని, చిట్లిపోవడం వలన గాని వస్తుంది. ఎక్కువ మందికి పూడుకుపోవడం వలననే వస్తుంది. బి.పి., షుగర్, పొగ తాగడం, కొలెస్ట్రాల్, గుండె జబ్బు దీనికి ముఖ్య కారణాలు. పప్పు తిన్నందున మెదడులో నాళం పూడుకుపోదు. కడుపు ఉబ్బరం చేస్తే పప్పును బాగా నానబెట్టి, మెత్తగా ఉడికించి, కొద్దికొద్దిగా పెట్టవచ్చు. అంతే గాని మానకూడదు.

పావురం మాంసం తింటే పడిపోయిన చెయ్యి లేస్తుందని, పావురం రక్తం రాస్తే మంచిదని నమ్మేవారు ఇంకా ఉన్నారు. దానిలో అలాంటి గుణం ఏదీ లేదు. దాని కోసం తిరిగే రోజుల్లో వ్యాయామం ఆగిపోతుంది. పడిపోయిన కాలు మళ్ళీ పనిచేయాలంటే మూడు కావాలి: మెదడు మళ్ళీ నేర్చుకోవడానికి అభ్యాసం, కండరం నిలబడడానికి ఆహారం, రెండవ స్ట్రోక్ రాకుండా మందులు. ఒకటి లేకపోతే మిగిలిన రెండూ చాలవు.

కండరం ఎంత త్వరగా కరుగుతుంది?

వయసు మళ్ళిన కొద్దీ కండరం తగ్గడం సహజమే. దీనికి 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు సార్కోపీనియా అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో కండకు కరువు అని దాని అర్థం. మంచాన పడితే ఈ కరువు పరుగెత్తుకుని వస్తుంది. 2007లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఏ జబ్బూ లేని పెద్ద వయసు వారిని పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఆ పది రోజులలోనే వారి కాళ్ళలో దాదాపు ఒక కేజీ కండ తగ్గిపోయింది. జబ్బు లేనివారికే అలా జరిగితే, స్ట్రోక్ వచ్చి, జ్వరం వచ్చి, సరిగా తినలేని మన పెద్దల సంగతి ఆలోచించండి.

ఇంకొక విషయం గమనించండి. పడిపోయిన కాలు ఒక్కటే కాదు, మంచి కాలు కూడా సన్నబడుతుంది. రోగి లేచి నిలబడేది ఆ మంచి కాలి బలం మీదనే. మన పెద్దాయన విషయంలో జరిగింది ఇదే. శరీరానికి కావలసినంత ఆహారం అందనప్పుడు అది తన కండనే కరిగించుకుని వాడుకుంటుంది. ఒకవైపు వ్యాయామం చేయిస్తూ మరొకవైపు పత్యం పెట్టడం ఇటుకలు ఇవ్వకుండా మేస్త్రీ చేత గోడ కట్టించడం వంటిది.

అన్నిటికంటే ముందు: మింగగలరా?

స్ట్రోక్ వచ్చిన తొలి రోజులలో సుమారు సగం మందికి మింగడంలో ఇబ్బంది ఉంటుంది. చాలామందికి కొద్ది వారాలలో తగ్గుతుంది, కొందరికి నిలిచిపోతుంది. అన్నం గాని నీళ్ళు గాని ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. అందుకే మన వార్డులో మింగే శక్తిని పరీక్షించకుండా నోటికి ఏమీ ఇవ్వనివ్వము. "ఒక్క చెంచా నీళ్ళు పోయండి సిస్టర్" అని మీరు బతిమాలినప్పుడు మేము కాదనేది అందుకే.

ఇది చిన్న విషయం కాదు. 2011లో ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ వార్డులలో జరిగిన పరిశోధనలో నర్సులు జ్వరం, షుగర్, మింగడం అనే మూడింటినీ ఒక క్రమం ప్రకారం కనిపెట్టి చూశారు. అలా చూసిన వార్డులలో మూడు నెలల తరువాత చనిపోయినవారు, పరాధీనంగా మిగిలినవారు కలిపి 42 శాతం. మామూలుగా చూసిన వార్డులలో 58 శాతం. కొత్త మందు ఏదీ ఇవ్వలేదు. చేసినదంతా జాగ్రత్తగా చూసుకోవడమే.

ఇంటి దగ్గర ఈ గుర్తులు కనిపెట్టండి:

– తినేటప్పుడు, తాగేటప్పుడు దగ్గు, పొలమారడం
– తాగిన తరువాత గొంతు గరగరలాడడం, మాట తడిగా వినిపించడం
– నోటి మూల నుంచి అన్నం, నీళ్ళు కారడం
– పడిపోయిన వైపు బుగ్గలో ముద్ద నిలిచిపోవడం
– భోజనానికి గంట పట్టడం, మాటిమాటికీ జ్వరం రావడం

వీటిలో ఏది కనిపించినా ఆగి మాకు చూపించండి. పలచని నీళ్ళే అన్నిటికంటే సులభంగా దారి తప్పుతాయి. చిక్కని జావ, మెత్తని పప్పన్నం, గడ్డ పెరుగు చాలామందికి తేలిక. ఎంత చిక్కగా ఉండాలో పరీక్షించిన వారే చెప్పాలి. తినిపించేటప్పుడు మంచం మీద పడుకోబెట్టి తినిపించవద్దు. వీపు నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద పూర్తిగా మింగిన తరువాతనే మరొకటి పెట్టండి. మాట్లాడించవద్దు, టి.వి. ఆపండి. తిన్న తరువాత అరగంట కూర్చోనివ్వండి. రెండు పూటలా పళ్ళు తోమి నోరు శుభ్రం చేయండి. కట్టుడు పళ్ళు తీసి కడగండి. ముక్కులో గొట్టం ఉన్నవారికి నోటితో ఏమీ ఇవ్వకండి. గొట్టం జారినట్లు అనిపిస్తే మీరే లోపలికి తోయవద్దు, ఆసుపత్రికి రండి.

ఎంత కావాలి?

మన పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశంలో ఎవరు ఎంత తినాలో లెక్కలు కట్టేది ఈ సంస్థే. 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు రోజుకు కేజీ బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు, కావాలి. వయసు మళ్ళినవారి కండరం ఇంకొంచెం ఎక్కువ అడుగుతుంది. 2013లో పలు దేశాల నిపుణులు కలిసి 65 దాటినవారికి 1.0 నుంచి 1.2 గ్రాములు, జబ్బుతో ఉన్నవారికి 1.2 నుంచి 1.5 గ్రాములు మంచిదని చెప్పారు.

మన పెద్దాయన 58 కేజీలు. 1.2 చొప్పున సుమారు 70 గ్రాములు కావాలి. ఆయన తిన్న టీ, రస్కు, చారన్నం, జావ అన్నీ కలిపి లెక్కవేస్తే దాదాపు 20 గ్రాములు. అవసరంలో మూడో వంతు కూడా లేదు. కడుపు నిండింది గాని కండరానికి ఏమీ అందలేదు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు. వారు డాక్టరు గారు చెప్పిన కొలతనే పాటించాలి. క్రియాటినిన్ ఎక్కువ ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే, ఏదీ పెంచకముందే అడగండి.

ఒక రోజు కంచం

ఇవన్నీ మోండా మార్కెట్‌లోనూ, మీ వీధి కిరాణా కొట్టులోనూ దొరికేవే. సుమారు 58 కేజీల బరువున్న, బాగా మింగగలిగిన వ్యక్తికి ఇది ఒక నమూనా:

– ఉదయం: ఒక గ్లాసు పాలు (200 మి.లీ.) – 6 గ్రాముల ప్రొటీన్లు
– టిఫిన్: 50 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు – 11 గ్రాములు
– మధ్యాహ్నం: 80 గ్రాముల బియ్యం వండిన అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో పాలకూర పప్పు, ఒక ఉడికించిన గుడ్డు, ఒక చిన్న గిన్నె పెరుగు – 24 గ్రాములు
– సాయంత్రం, వ్యాయామం అయిన తరువాత: 30 గ్రాముల పుట్నాల పొడి, పాలలో గాని మజ్జిగలో గాని చిక్కగా కలిపి – 6 గ్రాములు
– రాత్రి: రెండు చిన్న జొన్న రొట్టెలు, 30 గ్రాముల పప్పు, కూర, పెరుగు – 15 గ్రాములు
– పడుకునే ముందు: ఒక గ్లాసు పాలు – 6 గ్రాములు

మొత్తం 68 గ్రాములు. మాంసాహారులు 100 గ్రాముల చేప గాని కోడిమాంసం గాని మెత్తగా వండి పెడితే దానిలోనే సుమారు 20 గ్రాములు వస్తాయి. చేపలో ముళ్ళు జాగ్రత్త. గుడ్డు తిననివారికి పప్పు, పెరుగు, పన్నీరు, సోయా పెంచండి. రొట్టె గట్టిగా ఉంటే పప్పులో నానబెట్టండి. పుట్నాలు, వేరుశనగలు గింజలుగా ఇవ్వవద్దు, పొరపోతాయి. పొడి చేసి ఇవ్వండి. పొడిని కూడా పొడిగా నోట్లో పోయవద్దు.

రోజంతా తినవలసిన ప్రొటీన్లను ఒకే పూట పెట్టకుండా మూడు పూటలకు పంచాలి. వయసు మళ్ళిన కండరానికి ప్రతి పూటా తగినంత అందితేనే అది పట్టుకుంటుంది. మనం సాధారణంగా మధ్యాహ్నం ఒక్క పూటే పప్పు వేసి, పొద్దున రాత్రి చప్పిడితో సరిపెడతాము. అక్కడే మార్పు కావాలి.

డబ్బాలలో వచ్చే ఖరీదైన పొడులు కొనాలా అని చాలామంది అడుగుతారు. 2005లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో 4,023 మంది స్ట్రోక్ రోగులను చూశారు. ఆసుపత్రి భోజనంతోపాటు అందరికీ బలవర్ధక ద్రవాలు అదనంగా ఇస్తే చెప్పుకోదగిన లాభం కనిపించలేదు. వారిలో ఎక్కువ మంది ముందునుంచే సరిగా తినేవారు. కనుక తినగలిగిన వారికి డబ్బా అవసరం లేదు. చిక్కి శల్యమైన వారికి, కొద్దిగానే తినగలిగే వారికి డాక్టరు గారు రాస్తే వాడండి. ఆ డబ్బుతో ముందు పప్పు, పాలు, గుడ్లు కొనండి.

బి.పి., షుగర్ ఉన్నాయి కదా?

ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదు. అది ఒక టీ చెంచా. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు దానిలో ఎక్కువ భాగం తినేస్తాయి. రుచికి నిమ్మరసం, మిరియాలు, కొత్తిమీర, జీలకర్ర వాడండి. ఉప్పు తగ్గించడమంటే ఆహారం తగ్గించడం కాదు.

షుగర్ ఉన్నవారికి పప్పు, గుడ్డు, పెరుగు మంచివే. తగ్గించవలసింది తెల్ల అన్నం కుప్ప, చక్కెర టీ, బిస్కెట్లు. షుగర్ మాత్రలు వేసుకుని గాని ఇన్సులిన్ తీసుకుని గాని భోజనం మానడం ప్రమాదం. రోజుకు ఒక గుడ్డు చాలామందికి ఇబ్బంది కాదు. కొలెస్ట్రాల్ ఎక్కువ ఉంటే పచ్చసొన గురించి డాక్టరు గారిని అడగండి. వార్ఫరిన్ మాత్ర వేసుకునేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచడం, ఒక్కసారిగా మానడం చేయవద్దు. వారమంతా ఒకే మోతాదులో తినండి. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడేవారికి, పూర్తి శాకాహారులకు బి12 తగ్గవచ్చు. దాని వలన కూడా కాళ్ళు నీరసపడతాయి. పరీక్ష చేయించుకోండి.

కంచం ఎందుకు మిగులుతున్నది?

"ఆకలి లేదంట సిస్టర్" అని మాట తేల్చేయకండి. కారణం వెతకండి.

కుడి చెయ్యి పడిపోయిన వారి బాధ వేరు. జన్మంతా కుడి చేత్తో తిన్న మనిషి ఎడమ చేత్తో అన్నం ముట్టడానికి సిగ్గుపడతాడు. కోడలి చేత తినిపించుకోవడం అంతకంటే నామోషీ. అందుకని "చాలు" అంటారు. లావు పిడి ఉన్న చెంచా, అంచు ఎత్తుగా ఉన్న స్టీలు పళ్ళెం, అది జరగకుండా కింద తడిగుడ్డ పెట్టి, పది నిమిషాలు ఒంటరిగా తిననివ్వండి. ఒలికితే ఏమీ అనకండి. మిగిలినది మీరు తినిపించండి.

మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరికి ఎడమ పక్కన ఉన్నది కంటికి కనబడుతున్నా మనసుకు అందదు. కంచంలో కుడి సగం తిని, ఎడమ సగం వదిలేస్తారు. ఇంటివారు కడుపు నిండిందని కంచం తీసేస్తారు. మన పెద్దాయన విషయంలో ఇది కూడా జరిగింది. కంచాన్ని సగం తిప్పి పెట్టి చూడండి. మళ్ళీ తినడం మొదలుపెడితే విషయం తెలిసిపోతుంది.

మాట పడిపోయిన వారు ఆకలి అని చెప్పలేరు. స్ట్రోక్ వచ్చిన వారిలో సుమారు మూడోవంతు మందికి మనసు కుంగిపోతుంది, దానితో ఆకలి చచ్చిపోతుంది. ఇది విశ్వాసం తగ్గడం కాదు, జబ్బులో భాగం. దానికి మందు ఉంది. డాక్టరు గారికి చెప్పండి. మలబద్ధకం, పంటి నొప్పి కూడా చూడండి.

తిండి, కదలిక జంటగా

వ్యాయామం లేకుండా ఎంత తిన్నా అది కండగా మారదు. అలాగని తొందర కూడా పనికిరాదు. 2015లో 2,104 మంది మీద జరిగిన పరిశోధనలో, స్ట్రోక్ వచ్చిన 24 గంటలలోపే ఎక్కువసార్లు లేపి నడిపించిన వారికి మేలు తగ్గిందని తేలింది. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు గారు చెబుతారు.

ఇంటికి వెళ్ళిన తరువాత అన్నిటికంటే ఉపయోగపడేది కుర్చీలో నుంచి లేచి నిలబడి మళ్ళీ కూర్చోవడం. బరువైన చెక్క కుర్చీని గోడకు ఆనించండి. తేలిక ప్లాస్టిక్ కుర్చీ వద్దు. మీరు పడిపోయిన వైపు నిలబడండి. ఒకసారికి ఐదు, రోజుకు మూడుసార్లు, ఓపికను బట్టి పెంచండి. పడిపోయిన చెయ్యి పట్టి లాగి లేపవద్దు, భుజం కీలు జారుతుంది. నడుముకు గట్టి తువ్వాలు కట్టి దానిని పట్టుకోండి. ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే ఆపండి.

సంఘస్థులకు ఒక మనవి

పరామర్శకు వచ్చేటప్పుడు బిస్కెట్ పాకెట్లు, కొబ్బరి బొండాలు తెస్తారు. మీ ప్రేమకు వందనాలు. వాటికి బదులు డజను గుడ్లు, కేజీ పెసలు తెచ్చి ఇంటివారి చేతికి ఇవ్వండి. రోగి నోటికి మాత్రం ఎవరూ స్వయంగా ఏమీ అందించవద్దు. ఒక గంట రోగి దగ్గర కూర్చుని, ఆ ఇంటి తల్లిని పడుకోనిస్తే అంతకంటే గొప్ప సహాయం లేదు.

పాస్టరు గార్లకు కూడా ఒక మాట. ఇంటి దగ్గర ప్రభు సంస్కారం ఇచ్చేటప్పుడు, మింగడంలో ఇబ్బంది ఉందా అని ముందు అడగండి. ద్రాక్షారసం పలచనిది, ఎండిన రొట్టె ముక్క గొంతులో నిలుస్తుంది. ఏ విధంగా ఇవ్వవచ్చో మా నర్సును అడిగితే చూపిస్తుంది.

శ్రమల దినాలలో మన పెద్ద తల్లులు మాంసం, గుడ్లు మానేస్తారు. శుక్రవారం ఉపవాసం ఉంటారు. స్ట్రోక్ నుంచి కోలుకుంటున్న వారు దయచేసి భోజనం మానవద్దు. మానాలని మనసు పట్టుబడితే పాస్టరు గారితో మాట్లాడి వేరొక త్యాగం ఎంచుకోండి.

ఇంట్లోనే కొలుచుకోండి

ప్రతి ఆదివారం గుడికి వెళ్ళే ముందు రోగి బరువు చూసి క్యాలెండరు మీద రాయండి. నెలలో రెండు, మూడు కేజీలు తగ్గితే మళ్ళీ రావలసిన తేదీ వరకు ఆగకండి. నిలబడలేని వారికి కొలత టేపుతో మంచి కాలి పిక్క లావుగా ఉన్న చోట చుట్టుకొలత తీయండి. ఆసియా నిపుణులు 2019లో చెప్పిన ప్రకారం మగవారికి 34 సెంటీమీటర్ల కంటే, ఆడవారికి 33 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే కండ తగ్గిందేమో పరీక్షించాలి. కాళ్ళ వాపు ఉంటే ఈ కొలత నమ్మవద్దు.

మూతి వంకర పోవడం, చెయ్యి వాలిపోవడం, మాట తడబడడం మళ్ళీ కనబడితే మాత్రం ఇవేవీ చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. నోటికి ఏమీ పోయవద్దు.

తరువాత ఏమైంది?

ఆ పెద్దాయన భార్యకు ఆ రోజే ఒక కాగితం మీద మూడు పూటల కంచం బొమ్మ వేసి ఇచ్చాను. "పప్పు పెడితే ఏమన్న అయితే మీరే జూసుకోవాలె సిస్టరమ్మా" అన్నది. "చూసుకుంటాను అమ్మా" అన్నాను. వారం వారం ఫోన్ చేశాము. మొదటి రెండు వారాలు బరువు కదలలేదు. మూడో నెలకు 55 వచ్చింది. నాలుగో నెలలో నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని, భార్య పక్కన నడుస్తుండగా, గేటు నుంచి ఓ.పి. వరకు తానే వచ్చారు. ఎడమ చెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. అది ఆహారంతో వచ్చేది కాదని కూడా మీకు చెప్పాలి. కాని బాత్రూముకు తానే వెళ్ళగలుగుతున్నారు. ఆ ఇంట్లో అది చాలా పెద్ద మార్పు.

అప్పటి నుంచి మన డిశ్చార్జి కార్డు వెనుక ఆ కంచం బొమ్మ అచ్చువేస్తున్నాము. మీ కార్డు మీద అది లేకపోతే అడిగి తీసుకోండి.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో యాయీరు కుమార్తెను ప్రభువు లేపిన సంగతి మనందరికీ తెలుసు. లేచి నడిచిన తరువాత ఆమెకు తినడానికి పెట్టమని ఆయన ఇంటివారికి ఆజ్ఞాపించాడు. లేపడం ఆయన చేశాడు, అన్నం పెట్టే పని మాత్రం ఇంటివారికే అప్పగించాడు. మీ ఇంట్లో లేచి నిలబడడానికి ప్రయత్నిస్తున్న వారికి ఈ పూట పప్పు వడ్డించండి.

ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్